కొనకముందు చేయాల్సినవి: చెత్తబుట్ట నుంచి సోలార్ దాకా

పర్యావరణం కోసం మన వంతుగా ఏదైనా చేద్దాం అనుకోగానే చాలామంది ముందు షాపుకు వెళ్తారు. ఓ నలభై గ్రో బ్యాగులు, కోకోపీట్ (కొబ్బరి పొట్టు) ఇటుకలు, విత్తనాల ప్యాకెట్లు, చేతిలో డబ్బుంటే డాబా మీద సోలార్. ఆర్నెల్లకి బ్యాగుల్లో గడ్డి మొలుస్తుంది, కాసిన టమాటాలు పప్పులోకి కూడా చాలవు, సోలార్ పెట్టినా బిల్లు ఎందుకొస్తోందని పెట్టినవాడితో గొడవ. కొన్న వస్తువుల తప్పేం లేదు, వరస తప్పింది అంతే. పైసా ఖర్చు లేని పనులు ముందు, కొనాల్సినవి ఆ తర్వాత అనుకుంటే ఇవే పనులు పెద్ద టెన్షన్ లేకుండా నడుస్తాయి. కింద రాసింది ఆ వరసే. ఊళ్లో సొంత డాబా ఉన్నవాళ్లని దృష్టిలో పెట్టుకుని రాశాను, ఫ్లాట్లలో అద్దెకుండేవాళ్లకు ఏది కుదురుతుందో మధ్యమధ్యలో చెప్తాను.

1. మొదటి నెల: చెత్తబుట్ట

మొదటి వారం ఏమీ చేయొద్దు. తడి చెత్తని విడిగా ఒక బకెట్‌లో వేస్తూ, అందులో ఏం పడుతోందో చూడండి చాలు. కూరగాయల తొక్కలు, టీపొడి, కరివేపాకు రెమ్మలు ఒక రకం. మిగిలిన అన్నం, సాంబారు, పాడైపోయిన కూర ఇంకో రకం. రెండో రకం ఎక్కువ పడుతోందంటే మీకు కావాల్సింది కంపోస్టు డబ్బా కాదు, రాత్రిపూట అర గ్లాసు బియ్యం తగ్గించి వండటం. అయినా మిగిలితే పాలు పోసి తోడుపెట్టండి, పొద్దున్నే ఉల్లిపాయ, పచ్చిమిర్చి నంజుకుని తింటే ఇడ్లీ పిండి ఖర్చు కూడా మిగులుతుంది.

మొదటి రకం చెత్తకి కంపోస్టు. దీనికి వేలు పోసి డబ్బాలు కొనక్కర్లేదు. రంగుల డబ్బాలు, ఇరవై లీటర్లవి, రెండు తీసుకుని బాగా కడిగి అడుగునా చుట్టూరా కాల్చిన మేకుతో కన్నాలు పెట్టండి. కింద పళ్లెం లాంటిది పెట్టి, డబ్బా అడుగున కొబ్బరి పీచు ఒక పొర వేయండి. రోజూ తొక్కల్ని కాస్త చిన్నగా తరిగి, నీరు ఓడ్చి వేయాలి. దాని మీద ఎండుటాకులు, పరిమాణంలో తొక్కలకి రెట్టింపు. అందరూ ఇక్కడే పిసినారితనం చేస్తారు. ఎండుటాకులు తక్కువైతే కంపు, కంపు వస్తే ఇంట్లో గొడవ, గొడవ అయితే డబ్బా బయటికి. వీధి ఊడ్చేవాళ్లు కుప్ప చేసి కాల్చేసే ఆకుల్ని అడిగి ఓ రెండు బస్తాలు తెచ్చి పెట్టుకుంటే కొన్నాళ్లకి సరిపోతాయి, ఆ పొగా తప్పుతుంది. మొదట్లో ఒక గ్లాసు పుల్లటి మజ్జిగ చల్లితే త్వరగా కదులుతుంది. మూడు నాలుగు రోజులకోసారి కర్రతో కలపండి.

తేమ సరిగ్గా ఉందో లేదో చూడటానికి గుప్పెడు తీసి పిడికిలి బిగించండి. వేళ్ల మధ్య నుంచి నీరు కారితే ఎండుటాకులు వేయాలి, తెరవగానే పొడిపొడిగా రాలిపోతే నీళ్లు చిలకరించాలి, ఉండలా నిలిస్తే సరిగ్గా ఉన్నట్టు. తెల్లగా, లావుగా పురుగులు కనబడితే హడలిపోయి పారేయకండి, అవి ఎక్కువగా సోల్జర్ ఈగ పిల్లలు, మనకంటే వేగంగా పని చేసిపెడతాయి. చూడలేకపోతే పైన మందంగా ఆకులు కప్పేయండి. ఉప్పు, నూనె ఉన్న వంటకాలు, మాంసం, ఎముకలు మాత్రం వేయొద్దు. మొదటి డబ్బా నిండాక మూతపెట్టి పక్కన పెట్టి రెండోది మొదలెట్టండి. రెండు మూడు నెలలకి మొదటిది నల్లగా, తొలకరి వాన వాసనతో తయారవుతుంది.

తొక్కలతో ఏమవుతుందిలే అనిపిస్తే హైదరాబాద్ బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ సంగతి చూడండి. అక్కడ రోజూ మిగిలే సుమారు 10 టన్నుల చెత్తని బయోగ్యాస్ ప్లాంటులో వేసి 500 యూనిట్ల దాకా కరెంటు, క్యాంటీన్ వంటకి 30 కిలోల గ్యాస్ తీశారు. 2021 జనవరిలో ప్రధాని మన్ కీ బాత్‌లో ఈ మార్కెట్ గురించే చెప్పారు.

2. కంపోస్టు చేతికొచ్చాకే మిద్దె తోట

ముందు స్లాబు సంగతి. పన్నెండంగుళాల వెడల్పు, అంతే ఎత్తున్న ఒక గ్రో బ్యాగులో ఇరవై లీటర్లకి పైగానే పడుతుంది, ఉత్త మట్టి నింపి తడిపితే ముప్పై కిలోల దాకా తూగుతుంది. అలాంటివి నలభై అంటే టన్ను పైమాటే. అందుకే బ్యాగుల్ని స్లాబు మధ్యలో కుప్పగా కాకుండా బీములు, పిల్లర్ల మీదుగా, గోడల వెంబడి సర్దండి. పాత ఇల్లయితే ఒకసారి ఇంజనీరుకి చూపించండి. ఎక్కడైనా చెమ్మ దిగుతుంటే ముందు వాటర్ ప్రూఫింగ్, ఆ తర్వాతే మొక్క. బ్యాగుల కింద ఇటుకలో స్టాండో పెట్టి నీరు పోయే దారి వదలండి.

మట్టి మిశ్రమం గురించి ఎవరి ఫార్ములా వాళ్లకుంది. నా మటుకు ఎర్రమట్టి రెండు పాళ్లు, మన కంపోస్టు ఒక పాలు, కడిగిన కోకోపీట్ ఒక పాలు, బ్యాగుకి గుప్పెడు వేపపిండి చాలు. అంతకుమించి సీసాల్లో అమ్మే టానిక్కులన్నీ మొదటి ఏడాది అనవసరం.

ఆకుకూరలతో మొదలెట్టండి. తోటకూర నెల లోపే కోతకొస్తుంది, మెంతికూర కూడా అంతే, కొత్తిమీరకి ఇంకో పది రోజులు. ఇవి పండితే ధైర్యం వస్తుంది. బెండ, గోరుచిక్కుడు, బీర, సొర, కాకర జూన్, జులైలో. టమాటా, వంగ, ముల్లంగి, క్యాబేజీ వానలు తగ్గాక. చిక్కుడు వానాకాలంలో పెట్టాల్సిందే కానీ చలి మొదలైతేనే పూస్తుంది, అంతవరకూ తీగ పందిరంతా పాకి ఊరిస్తుంది, పీకేయకండి. ఏప్రిల్, మేలో మన ఎండకి పెద్ద ఆశలు వద్దు. గోంగూర, బచ్చలి, తోటకూర, వీలైతే పైన షేడ్ నెట్.

సొర, బీర పెట్టిన ప్రతివాళ్లూ అడిగే ప్రశ్న: "పూలు బోలెడు, కాయ ఒక్కటీ లేదు, ఎందుకు?" మొదట వచ్చేవన్నీ మగపూలే. ఆ తర్వాత ఆడపూలు వస్తాయి, పువ్వు వెనక వేలెడంత పిందె ఉంటుంది, చూడగానే తెలిసిపోతుంది. మూడో అంతస్తు పైకి పుప్పొడి మోసే తేనెటీగల్లాంటివి తక్కువగా వస్తాయి కాబట్టి ఆ పిందెలు పసుపుపచ్చగా మారి రాలిపోతాయి. మనమే చేతులు పెట్టాలి. అప్పుడే విచ్చిన మగపువ్వు తెంపి, రేకలు వెనక్కి విరిచి, మధ్యలోని పుప్పొడిని ఆడపువ్వు మధ్య భాగానికి మెల్లగా రాయండి. సొర, బీర సాయంత్రం పూస్తాయి, గుమ్మడి, నేతిబీర, కాకర పొద్దున్నే. సొరకి పొద్దున ఎనిమిదింటికి వెళ్లి రాస్తే ఫలితం ఉండదు. రెండు మూడు రోజుల్లో పిందె కిందకి వాలి లావెక్కడం మొదలైతే కాయ నిలిచినట్టు.

పురుగుల విషయానికొస్తే, వారానికోసారి ఆకుల అడుగున చూడటమే సగం మందు. పిండినల్లి కనబడితే మొదట నీళ్ల ధారతో కడిగేయండి. తర్వాత లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నూనె కలవడానికి నాలుగు చుక్కల సబ్బునీళ్లు, సాయంత్రం పూట కొట్టండి. ఎండలో కొడితే ఆకు మాడుతుంది. ఆవుపేడ దొరికే చోట ఉంటే మట్టికి బలమిచ్చే జీవామృతం చేసుకోవచ్చు: 20 లీటర్ల నీళ్లకి కిలో పేడ, లీటరు మూత్రం, బెల్లం, శనగపిండి చెరో 200 గ్రాములు, గట్టు మీది మట్టి గుప్పెడు. నీడలో రెండు రోజులు, పూటకోసారి కలుపుతూ ఉంచి, పదింతల నీళ్లు కలిపి మొక్కల మొదళ్లలో పోయాలి. వారంలోగా వాడేయండి. అపార్ట్‌మెంట్‌లో చేస్తే వాసన గురించి పక్కింటివాళ్లకి ముందే చెప్పండి.

ప్రతి రకంలో ఒకటి రెండు కాయలు కోయకుండా ముదరనిచ్చి విత్తనానికి ఉంచండి. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల ఆడవాళ్లు విత్తనాలకి బూడిద, వేపాకు కలిపి బుట్టల్లో దాచి, ఒకరి దగ్గర ఒకరు తీసుకుంటూ పదుల రకాలు నిలబెట్టారు. 2019లో వాళ్లకి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. మన డాబా మీద బెండ విత్తనానికీ అదే పద్ధతి సరిపోతుంది. హైబ్రిడ్ ప్యాకెట్ విత్తనం మాత్రం దాచినా లాభం లేదు, మరుసటి ఏడు అదే కాయ రాదు.

3. కొనే తిండి

మిద్దె తోట ఇంటి మొత్తానికి తిండి పెట్టదు. బియ్యం, పప్పు, నూనె ఎలాగూ కొంటాం, అసలు తేడా వచ్చేది అక్కడే. కూరగాయలకి వారానికి ఒకసారైనా రైతు బజారుకి వెళ్లండి. 1999లో మొదలైనప్పటి నుంచీ వాటి ఉద్దేశం మధ్యలో దళారీ లేకుండా రైతు నేరుగా అమ్ముకోవడమే. ఆ కాలంలో ఏది చవగ్గా, గుట్టలుగా ఉందో అదే ఈ వారం కూర అనుకుంటే సగం పని అయిపోయినట్టే.

రసాయనాల్లేని పంట కావాలంటే లేబుల్ కన్నా మనిషిని నమ్ముకోవడం మేలని నా అభిప్రాయం. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వానికి చెందిన రైతు సాధికార సంస్థ ద్వారా ప్రకృతి వ్యవసాయం చేస్తున్నవాళ్లు లక్షల్లో ఉన్నారు, ఆ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్ సంస్థ ఇచ్చే గుల్బెంకియన్ ప్రైజ్ మరికొందరితో కలిపి వచ్చింది. తెలంగాణలో జనగామ జిల్లా ఏనబావి ఊరు ఊరంతా ఎరువులు, పురుగుమందులు మానేసింది. అలాంటి రైతు ఒక్కరు తెలిస్తే చాలు. నాలుగైదు కుటుంబాలు కలిసి కోతకి ముందే మాట్లాడుకుని బియ్యం, కందిపప్పు ఏడాదికి సరిపడా తెప్పించుకోండి, రవాణా ఖర్చు పంచుకుంటే రేటు షాపు ధరకి దగ్గరకే వస్తుంది. పప్పులో ఎండుమిరపకాయలు, వేపాకు వేసి డబ్బా మూత బిగిస్తే పురుగు పట్టదు.

చిరుధాన్యాలు ఒక్కసారిగా మూడు పూటలా మొదలెట్టొద్దు, ఇంట్లో తిరుగుబాటు వస్తుంది. వారానికి రెండు పూటలతో మొదలెట్టండి. సామలు పులిహోరకి, కొర్రలు ఉప్మాకి బాగా కుదురుతాయి, వండేముందు రెండు మూడు గంటలు నానబెట్టండి. మరీ తెల్లగా మెరిసేవి కొనకండి, పాలిష్ పట్టినవి తింటే తెల్లన్నం తిన్నట్టే. సజ్జపిండి వారం దాటితే చేదెక్కుతుంది, కొంచెం కొంచెంగా ఆడించుకోండి. థైరాయిడ్ ఉన్నవాళ్లు సజ్జలు రోజూ తినేముందు డాక్టర్‌ని ఒక మాట అడగండి.

4. సోలార్ కన్నా ముందు కరెంటు బిల్లు

పన్నెండు నెలల బిల్లులు ముందేసుకుని రూపాయలు కాదు, యూనిట్లు రాసుకోండి. వేసవిలో ఎంత, చలికాలంలో ఎంత. ఇప్పుడు ఇంట్లో ఫ్యాన్లు లెక్కపెట్టండి. పాత ఫ్యాన్ 75 వాట్ల దాకా లాగుతుంది, తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్ల చుట్టుపక్కల. నాలుగు ఫ్యాన్లు రోజుకి పదిహేను గంటలు తిరిగే ఇంట్లో ఈ ఒక్క మార్పుతో నెలకి 80 యూనిట్లు తగ్గుతాయి. వాడకం పెరిగేకొద్దీ యూనిట్ రేటు పెరిగే స్లాబు విధానం కాబట్టి తగ్గేవి పై స్లాబులోని ఖరీదైన యూనిట్లు. నాలుగూ ఒకేసారి మార్చక్కర్లేదు, ఎక్కువసేపు తిరిగేది ముందు. అద్దె ఇల్లయినా ఫ్యాన్ ఊడదీసుకుని వెళ్లొచ్చు, పాతది దాచి వెళ్లేటప్పుడు తిరిగి బిగిస్తే ఓనరుకీ అభ్యంతరం ఉండదు.

ఏసీని 18లో పెట్టి దుప్పటి కప్పుకునే అలవాటు మానేస్తే ఇంకొంత. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం ఆదా అని కేంద్ర ఇంధన పొదుపు సంస్థ బీఈఈ లెక్క. 26లో పెట్టి ఫ్యాన్ వేసుకోండి. రెండు కిలోవాట్ల గీజరు అరగంట నడిస్తే ఒక యూనిట్. ఇవన్నీ చేసి మూడు నెలలు ఆగండి. నెలకి 350 యూనిట్లు వాడే ఇల్లు 240కి దిగితే మూడు కిలోవాట్ల సోలార్ బదులు రెండు చాలు.

5. ఇప్పుడు సోలార్

లెక్క సులువు. మన ఎండకి ఒక కిలోవాట్ సగటున రోజుకి 4 యూనిట్లు ఇస్తుంది, దానికి నీడ పడని చోటు సుమారు వంద చదరపు అడుగులు కావాలి. 2024 ఫిబ్రవరిలో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకి 30 వేల చొప్పున, మూడోదానికి 18 వేలు సబ్సిడీ, అంటే ఎంత పెద్దది పెట్టినా ఇంటికి 78 వేలకి మించదు. ప్యానెళ్లు దేశంలో తయారైన సెల్స్‌తో చేసినవి అయితేనే సబ్సిడీ వస్తుంది, కొటేషన్‌లో "డీసీఆర్" అని రాయించుకోండి.

తెలంగాణలో తెల్ల రేషన్ కార్డుతో గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు సున్నా బిల్లు వస్తున్నవాళ్లు తొందరపడకండి, అప్పు చేసి పెట్టినా మీ జేబుకి మిగిలేది పెద్దగా ఉండదు.

పని నడిచే తీరు ఇది. పథకం పోర్టల్‌లో మీ డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ), సర్వీస్ నంబర్‌తో నమోదు, డిస్కం అనుమతి, గుర్తింపు ఉన్న వెండర్ ఎంపిక, బిగింపు, నెట్ మీటర్ (లైనుకి పంపినదీ, తీసుకున్నదీ రెండూ లెక్కేసే మీటరు), తనిఖీ, చివర్లో మీ బ్యాంకు ఖాతాకి సబ్సిడీ. ఎక్కువమంది ఇరుక్కునేది మొదటి మెట్టులోనే. మీటరు ఇంకా చనిపోయిన తండ్రి పేరు మీదో, ఇల్లు అమ్మినవాళ్ల పేరు మీదో ఉంటుంది. దరఖాస్తుదారు పేరు, సర్వీస్ పేరు, బ్యాంకు ఖాతా పేరు కలవాలి. కాబట్టి వెండర్‌కి ఫోన్ చేయకముందే పేరు మార్పిడి పూర్తిచేసుకోండి.

వెండర్‌ని అడగాల్సినవి: ఇన్వర్టర్ వారంటీ ఎన్నేళ్లు, స్టాండుకి వాడేది తుప్పు పట్టకుండా జింకు పూత ఉన్న హాట్ డిప్ గాల్వనైజ్డ్ ఇనుమేనా (విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఇది చాలా ముఖ్యం), ఎర్తింగ్ గుంతలు, పిడుగు నుంచి రక్షణ కడ్డీ ధరలో కలిపారా. నెట్ మీటర్ బిగించేదాకా మొత్తం డబ్బు ఇచ్చేయకండి, చివరి వాయిదా చేతిలో ఉంటేనే ఫోన్ ఎత్తుతారు. దక్షిణం వైపు, పదిహేను డిగ్రీల వంపు ఉంటే చాలు. కాస్త ఎక్కువ ఖర్చయినా స్టాండు ఏడెనిమిది అడుగుల ఎత్తులో వేయించుకోండి, కింద నడవచ్చు, బట్టలు ఆరేసుకోవచ్చు, అంచుల వెంబడి వేసవిలో కొత్తిమీర, పుదీనా ఆ నీడకి బ్రతికిపోతాయి. పది పదిహేను రోజులకోసారి తెల్లవారుజామున ప్యానెళ్లు కడగండి, మిట్టమధ్యాహ్నం వేడెక్కిన అద్దం మీద చన్నీళ్లు పోయొద్దు.

6. వాన నీళ్లు, క్లుప్తంగా

చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు. హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్లు కురుస్తుంది, వంద చదరపు మీటర్ల డాబా మీద పడేది 80 వేల లీటర్లు. కొంత ఆవిరైనా పది ట్యాంకర్ల పైచిలుకు. డాబా పైపుని డ్రైనేజీలోకి కాకుండా ఇంకుడు గుంతలోకి తిప్పండి. గుంతలో కింద పెద్ద రాళ్లు, పైన కంకర, ఆపైన ఇసుక. మొదటి రెండు వానల నీటిని మాత్రం బయటికి వదిలేయండి. ఏటా మే నెలలో పై ఇసుక తీసి కడగాలి, ఈ పని చేయక గుంతలు మూసుకుపోయి "మా దగ్గర ఇంకదండీ" అంటుంటారు.

7. వీధి

2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి, కరెంటు లేదు, తిండి డ్రోన్లతో కూడా పంపాల్సి వచ్చింది. ఇలాంటప్పుడు సోలార్ ఉన్న ఇల్లు వెలుగుతుందని చాలామంది అనుకుంటారు. వెలగదు. కరెంటు లైనుకి కలిపి పెట్టే మామూలు ఆన్-గ్రిడ్ సిస్టమ్ లైన్లో కరెంటు పోగానే తనంతట తాను ఆగిపోతుంది, లేకపోతే స్తంభమెక్కిన లైన్‌మన్‌కి షాక్ కొడుతుంది. బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ సిస్టమ్ అయితేనే నడుస్తుంది, దానికి ఖర్చు ఎక్కువ. ప్రతి ఇంటికీ అవసరం లేదు, వీధికి ఒకటి రెండు ఇళ్లలో ఉంటే ఫోన్లు చార్జ్ చేసుకోవచ్చు, ఇన్సులిన్ చల్లగా దాచుకోవచ్చు. ఎవరింట్లో ఉందో ముందే అందరికీ తెలియాలి.

అందుకని వానాకాలానికి ముందు ఒక ఆదివారం కూర్చుని ఒక కాగితం రాయండి. ఒంటరిగా ఉన్న పెద్దవాళ్లు ఎవరు, డయాలసిస్‌కి, ఆక్సిజన్‌కి ఎవరున్నారు, రెండో అంతస్తు ఎవరికుంది, చేతిపంపు ఎక్కడ. ఫోన్ నంబర్లతో సహా కాగితం మీదే ఉండాలి, వాట్సాప్ గ్రూపు చార్జింగ్ ఉన్నంతవరకే. మొదటిసారి పిలిస్తే నలుగురే వస్తారు. అందుకే ఉత్త మీటింగ్ అని పిలవకుండా విత్తనాలు, నారు పంచుకుందాం రమ్మనండి, బీర విత్తనాల కోసం వచ్చినవాళ్లు కాగితంలో పేరు కూడా రాసి వెళ్తారు.

అపార్ట్‌మెంట్ అయితే ఇంకో పని ఉంది. లిఫ్టు, మోటారు, మెట్ల లైట్ల లాంటి ఉమ్మడి అవసరాలకి సోలార్ పెడితే అసోసియేషన్లకి అదే పథకంలో కిలోవాట్‌కి 18 వేలు సబ్సిడీ ఉంది. జనరల్ బాడీ మీటింగ్‌లో ఊరికే ప్రస్తావిస్తే "చూద్దాం" అని పక్కన పెడతారు. కామన్ మీటరు పన్నెండు నెలల బిల్లులు, రెండు మూడు కొటేషన్లు, ఒక్కో ఫ్లాటుకి పడే వాటా ఎంతో ఒకే పేజీలో వేసుకుని వెళ్లండి. పై అంతస్తువాళ్లని ముందురోజే విడిగా కలవండి, డాబా మాదే అని మొదట లేచేది వాళ్లే.